కదిలే ముందు కాస్త వదులు

వీధిలో షటిల్ ఆడే పిల్లలకైనా, 2019లో బాసెల్‌లో ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయిన పి.వి.సింధుకైనా చిక్కు ఒకటే: షటిల్ ఎటు వస్తుందో ముందే తెలియదు. అందుకే ప్రత్యర్థి రాకెట్ షటిల్‌ను తాకబోయే వేళకు క్రీడాకారులు మోకాళ్ళు వంచి చిన్నగా ఎగురుతారు. పాదాలు భుజాలకంటే ఎడంగా, మడమలు నేలకు ఆనకుండా దిగుతారు. కుడివైపు వెళ్ళాలంటే ఎడమ కాలు నేలను నెడుతుంది. నిలకడను ఒక్క క్షణం కావాలనే వదులుకోవడం ఇది.

పాదాలు గట్టిగా ఆన్చి నిలబడితేనే మేలు కదా అనవచ్చు. కానీ గట్టిగా బిగించిన స్థితిని మార్చడానికి ముందు ఆ బిగువును సడలించాలి. ఆ జాప్యంలోనే పాయింటు పోతుంది. వేళ్ళతో నొక్కించి చేసిన ప్రయోగాల్లోనూ ఇదే కనిపించింది. నొక్కే బలం మార్చాల్సి వస్తుందని ఊహిస్తే చాలు, ఎటు మార్చాలో తెలియకముందే ఆ బలంలో నిలకడ తగ్గుతుంది. వయసు పైబడినవారిలో ఈ సడలింపు ఆలస్యంగా, తక్కువగా వస్తుంది. అలాగని వదులు ఎప్పుడూ మంచిదని కాదు. తడినేల మీద నడిచే పెద్దవారికి నిలకడే ముఖ్యం. ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు సడలించాలో తెలియడమే అసలు నేర్పు, అది సాధనతోనే వస్తుందని నా నమ్మకం. శిక్షకులకు ఒక్క మనవి: పిల్లలకు షటిల్ ఎటు వేస్తారో ముందే చెప్పకండి.