నరం దొరికేనా? కళ్ళజోడు చూపే దారి

డిండోలి (సూరత్): సూరత్ నగరంలోని డిండోలి, లింబాయత్ ప్రాంతాలలో మరమగ్గాల పనికి తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన కుటుంబాలెన్నో ఉన్నాయి. ఇటువంటి కార్మికవాడలో వాంతులు, విరేచనాలతో సొమ్మసిల్లిన పసిబిడ్డకు సెలైన్ ఎక్కించాలంటే ముందు నరం దొరకాలి. ఒంట్లో నీరు తగ్గినకొద్దీ సిరలు ముడుచుకుపోతాయి. తడిమి గుచ్చడం, తప్పితే మళ్ళీ గుచ్చడం. బిడ్డ ఏడుపు సరే, తల్లి బాధ చెప్పతరం కాదు.

చర్మం కింది సిరను అల్ట్రాసౌండ్ యంత్రం తెరపై చూపుతుంది. చిక్కల్లా తెర ఒకచోట, సూది మరొకచోట ఉండడమే. వైద్యుడు తల తిప్పిన క్షణంలో చేయి కదలవచ్చు. స్మార్ట్ కళ్ళద్దాలు ఆ బొమ్మను కంటి ఎదుటికే తెస్తాయి.

దక్షిణ కొరియాలోని సియోల్‌లో రెండేళ్ళలోపు పిల్లలు 116 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. మణికట్టు ధమనిలో గొట్టం అమర్చడం ఈ అద్దాలతో దాదాపు 88 శాతం మందికి తొలి ప్రయత్నంలోనే సాధ్యపడగా, మామూలు తెరతో 72 శాతం మందికే సాధ్యపడింది. అయితే అది ధమని. సిరకూ ఇదే ఫలితం వస్తుందనడానికి లేదు. 2014లో అమెరికా వైద్యులు శిక్షణ నమూనాలపై గూగుల్ గ్లాస్‌తో సిరలు వెతికినప్పుడు తల తిప్పడం తగ్గింది గానీ, సమయం ఎక్కువే పట్టింది. ఆ గ్లాస్ అమ్మకాలు 2023లో నిలిచిపోయాయి.

మన దేశంలో అడ్డంకి ధర ఒక్కటే కాదు. లింగ నిర్ధారణను అరికట్టే 1994 చట్టం కింద అల్ట్రాసౌండ్ యంత్రాలను నమోదు చేయించాలి. చేతిలో ఇమిడే యంత్రమైనా నమోదైన ఆవరణ దాటరాదని 2012లో నిబంధన వచ్చింది. సంచార వైద్య వాహనాలకు మాత్రం షరతులతో మినహాయింపు ఉంది. ఆడశిశువుల రక్షణకు ఆ కట్టడి అవసరమే. అయితే యంత్రమే లేని చిన్న క్లినిక్కులో కళ్ళద్దాలకు చూపవలసిన బొమ్మే ఉండదు.