ఇద్దరు ఆడపిల్లల తల్లి కంచంలో ఏముంది?

పిల్లల ఓపీలో బిడ్డను తూకం మీద పెట్టగానే తల్లి చూపు అంకె మీదే ఉంటుంది. పోయిన నెల కంటే పావుకిలో పెరిగితే ముఖం వికసిస్తుంది. తగ్గితే ఎవరో తిట్టినట్టు తల దించుకుంటుంది. అదే తల్లిని "నువ్వు కూడా ఒకసారి ఎక్కమ్మా" అంటే, "నాకెందుకు సిస్టరమ్మా, నాకేం జబ్బు లేదు" అని పక్కకు జరుగుతుంది. మేము ఈ వృత్తిలోకి వచ్చిన నాటి నుండి ఈ మాట వింటూనే ఉన్నాము.

బిడ్డల ఆహారం గురించి, టీకాల గురించి ఈ పత్రికలో లోగడ అనేకసార్లు వ్రాశాము. ఈ సంచికలో ఆ బిడ్డలను పెంచే తల్లికి రోజు ఎలా గడుస్తుందో వ్రాయదలచాము. అందులోనూ ఇద్దరూ ఆడపిల్లలే అయిన తల్లి గురించి. ఒక ఆడ, ఒక మగ ఉన్న తల్లిని ఎవరూ ఏమీ అడగరు. ఇద్దరూ ఆడపిల్లలైతే మాత్రం "ఇంకొక కాన్పు చూడకూడదా" అన్న మాట పెళ్ళి పందిట్లో, బస్సులో, చివరకు మా ఓపీ వరండాలో కూడా వినబడుతుంది. అడిగేవారికి అది మాట, పడేవారికి అది ఈటె.

మాకు బాగా తెలిసిన ఒక తల్లి గుంటూరు జిల్లాలో మిరప పండించే పల్లెటూరిలో ఉంటుంది. పేరు, ఊరు వ్రాయము. భర్త ఆటో నడుపుతాడు. మొదట మా దగ్గరకు వచ్చేనాటికి పెద్దపాపకు ఎనిమిదేళ్ళు, చిన్నపాపకు మూడేళ్ళు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తుంది. కుళాయి వచ్చే రోజైతే ముందు నీళ్ళు, రాని రోజైతే ముందు పొయ్యి. అంట్లు, అన్నం, కూర, నలుగురికీ క్యారేజీలు. పిల్లలిద్దరికీ తల దువ్వి రెండేసి జడలు వేయాలి. పెద్దది బడి నుండి పేలు తెస్తే రెండు రోజుల్లో చిన్నదానికీ ఎక్కుతాయి, ఆ ఆదివారం ఇక పేలదువ్వెనతోనే సరిపోతుంది. (పేలు పట్టినంత మాత్రాన తల్లి శుభ్రత లేనిదని ఎవరూ అనుకోవద్దు. తలకు తల తగిలితే చాలు, అవి శుభ్రంగా ఉన్న తలకైనా ఎక్కుతాయి.)

సంక్రాంతి దాటాక మిరపకోతలు ముమ్మరమవుతాయి. కూలీల ఆటో ఆరున్నరకే వస్తుంది. ఇక జడలు వేయడం, చెల్లెలి ముఖం కడిగి అంగన్‌వాడీలో దిగబెట్టడం పెద్దపాప వంతు. ఎనిమిదేళ్ళ పిల్ల ఆ పని చక్కగా చేస్తుందని తల్లి మాకు గర్వంగానే చెప్పింది. చేస్తుంది కూడా. అయితే చెల్లెలికి జ్వరమో విరేచనాలో వచ్చిన రోజున ఏమి జరుగుతుంది? తల్లి ఆగితే కూలి పోతుంది, కోతల రోజుల్లో కూలి పోతే నెలంతా అప్పు. కాబట్టి పెద్దపాప బడి ఆగుతుంది.

మేము ఈ పిల్లను మొదట చూసింది అలాగే. ఫిబ్రవరి నెలలో, బడి వేళలో, పిల్లల వార్డులో చెల్లెలి మంచం పక్కన యూనిఫారంతో కూర్చుని ఉంది. విరేచనాలతో చిన్నపాప కళ్ళు గుంటలు పడ్డాయి. మూడు రోజులు సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. "ఏం తరగతి అమ్మా?" అంటే "మూడు" అంది. "ఈ నెలలో ఎన్ని రోజులు వెళ్ళావు?" అంటే వేళ్ళు లెక్కపెట్టి ఊరుకుంది. బడి మానితే పోయేది పాఠం ఒక్కటే కాదు. మధ్యాహ్న భోజనంలో పెట్టే గుడ్డు కూడా పోతుంది. ఇంట్లో ఆ గుడ్డు లేదు.

అందుకే వార్డులో తల్లులకు మేము మొదట నేర్పేది ఓఆర్ఎస్ కలపడం. విరేచనం మొదలైన గంటలోనే ఇంట్లో నీళ్ళు పట్టడం మొదలుపెడితే చాలామంది పిల్లలకు ఆసుపత్రి మంచమే అవసరం ఉండదు, అక్క బడీ పోదు. లీటరు ప్యాకెట్టును మొత్తం ఒకేసారి లీటరు మంచినీళ్ళలో కలపాలి. సగం ప్యాకెట్టు గ్లాసులో వేసి చిక్కగా కలిపితే మేలు బదులు కీడు జరుగుతుంది. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి. చెంచా అంటే టీ చెంచా. దానితోపాటు ఆరోగ్య కార్యకర్త ఇచ్చే జింకు మాత్రలు విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయాలి. తల్లిపాలు, అన్నం ఆపవద్దు. మలంలో రక్తం పడినా, బిడ్డ నీళ్ళు త్రాగలేకపోయినా, మగతగా పడి ఉన్నా, ఆరు గంటలు మూత్రం పోయకపోయినా ఇంటి వైద్యంతో ఆగవద్దు.

మిరపకోతకు వెళ్ళే తల్లులకు మరొక మాట. చేతుల ఘాటు నీళ్ళతో పోదు. ఆ చేతులతో బిడ్డను ఎత్తుకుంటే, కన్ను తుడిస్తే, చంటిబిడ్డకు పాలిస్తే పసివాళ్ళు గుక్కపట్టి ఏడుస్తారు, దిష్టి తగిలిందని మనం ఎర్రనీళ్ళు తిప్పుతాము. మిరప కారం నూనెలో కరుగుతుంది. ఇంటికి రాగానే ముందు చేతులకు వంటనూనె బాగా రుద్ది, తరువాత సబ్బుతో రెండుసార్లు కడగండి. కోతకు కట్టుకున్న చీర మార్చిన తరువాతే బిడ్డను ఎత్తుకోండి.

ఇక కంచం సంగతి. సాయంత్రం ఆరింటికి ఆ తల్లి ఇల్లు చేరుతుంది, మళ్ళీ పొయ్యి. ముందు భర్తకు, తరువాత పిల్లలకు, తరువాత అత్తగారికి వడ్డిస్తుంది. చివరకు కూరగిన్నెలో మిగిలిన పులుసుతో, అదీ లేకపోతే పచ్చడి మెతుకులతో తాను. "నిన్న రాత్రి ఏమి తిన్నావు?" అని వార్డులో అడిగితే పిల్లలు తిన్నవి వరుసగా చెప్పింది. తన సంగతి మూడుసార్లు అడిగితే గాని చెప్పలేదు. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి కాళ్ళు లాగడం, పిల్లల మీద ఊరికే విసుగు. ఇవన్నీ పని ఎక్కువై వచ్చినవే అనుకుంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.4 ఉంది. గర్భిణి కాని స్త్రీకి 12 ఉండాలి. 8 కంటే తక్కువైతే తీవ్రమైన రక్తహీనత అంటాము.

ఈమె ఒక్కతే కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58 మందికి పైగా, తెలంగాణలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలింది. అంటే వీధిలో పదిమంది స్త్రీలు నిలబడితే అందులో ఆరుగురికి.

చిన్నపాపను డిశ్చార్జి చేసే రోజున అత్తగారు వచ్చారు. పెద్దావిడ మంచిదే, మనుమరాలికి కొబ్బరినీళ్ళు కూడా తెచ్చింది. "సిస్టరమ్మా, చిన్నదానికి మూడేళ్ళు నిండాయి. మళ్ళీ నీళ్ళోసుకోవడానికి మా కోడలికి ఏదన్నా మందు ఇప్పించండి. ఈసారి మగపిల్లాడు కావాలి" అంది. కోడలు నేల చూస్తూ నిలబడింది.

ఆ తల్లికి ఆ రోజున ఉన్న రక్తంతో మూడవ గర్భం వస్తే ఏమవుతుందో డాక్టరుగారే స్వయంగా చెప్పారు. నెలలు నిండకముందే కాన్పు కావచ్చు, బిడ్డ తూకం తక్కువ కావచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఆరోగ్యంగా ఉన్న తల్లి తట్టుకోగలిగే రక్తస్రావం ఈమె ప్రాణం తీయవచ్చు. అప్పుడు ఈ ఇద్దరు పిల్లలకు జడలు వేసేదెవరు? పెద్దావిడ మెత్తబడింది గాని మాట వదలలేదు. "ఆడపిల్లల్నే కంటుంటే ఏం చేస్తాం" అంది.

అప్పుడు కొడుకును కూడా లోపలికి పిలిచాము. కంది వేస్తే కంది మొలుస్తుంది, పెసర వేస్తే పెసర మొలుస్తుంది, నేలను తిడితే లాభమేమిటి? స్త్రీ అండంలో ఉండేది ఎక్స్ క్రోమోజోము మాత్రమే. ఎక్స్ గాని వై గాని వచ్చేది మగవాని వీర్యకణం నుండి. వై వస్తే మగబిడ్డ, ఎక్స్ వస్తే ఆడబిడ్డ. అదీ ఆయన చేతిలో ఉన్న సంగతి కాదు. అతను తల్లివైపు చూసి నవ్వాడు, పెద్దావిడకు మాత్రం నవ్వు రాలేదు. స్కానింగులో ఆడా మగా చెప్పమని అడగడం 1994 చట్టం ప్రకారం నేరమని కూడా అక్కడే చెప్పాము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001 జనాభా లెక్కల్లో 961, 2011 నాటికి 939. ఆ తగ్గినవారు ఎక్కడికి పోయారో ఆసుపత్రుల్లో పనిచేసే మాకు ఒకరు చెప్పనక్కరలేదు.

పెద్దావిడ చివరకు అసలు మాట చెప్పింది. "ముసలితనంలో మమ్మల్ని ఎవరు చూస్తారమ్మా?" ఈ భయాన్ని మేము తీసివేయము. పింఛను డబ్బు మందులకు చాలని ముసలివారిని రోజూ చూస్తున్నాము. అయితే మా ఆడవారి వార్డులో రాత్రిపూట ముసలి తల్లుల పక్కన చాపవేసుకుని పడుకునేది ఎవరో ఒకసారి వచ్చి చూడమన్నాము. ఆ రాత్రి ఆరు మంచాల దగ్గర నలుగురు కూతుళ్ళు, ఒక కోడలు, ఒక కొడుకు ఉన్నారు.

వైద్యం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. నులిపురుగుల మాత్ర, రోజూ ఐరన్ మాత్రలు, రక్తం పెరిగేవరకు గర్భం రాకుండా తాత్కాలిక పద్ధతి. ఐరన్ మాత్ర వేసుకున్నాక మలం నల్లగా వస్తుంది, భయపడి మానవద్దు. కడుపులో వికారంగా ఉంటే భోజనం తరువాత వేసుకోండి. మాత్రకు ముందూ వెనుకా గంటసేపు టీ, కాఫీ త్రాగవద్దు, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయ పట్టేలా చేస్తాయి. మునగాకు పప్పు, తోటకూర, రాగిజావ, వారానికొకసారి కోడి కార్జం దొరికితే మరీ మంచిది. ఇవన్నీ తల్లికి తెలిసినవే. ఆమెకు లేనిది కూరగిన్నెలో వాటా. అందుచేత మేము ఇచ్చిన సలహా ఒకటే: రాత్రి పిల్లలకు వడ్డించేటప్పుడే నీ కంచం కూడా పెట్టుకుని వాళ్ళతోపాటు కూర్చో. మొదట్లో సిగ్గుపడిందట. కంచం పెట్టమని అడిగింది చిన్నపాప. "అమ్మ కూడా" అని మారాం చేసిందట.

మూడు నెలలకు 10.6 వచ్చింది. ఆ తరువాత భార్యాభర్తలు ఇద్దరూ మాట్లాడుకుని ఇక పిల్లలు చాలనుకున్నారు. ఆమె కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంది. కోత, కుట్టు లేని మగవారి ఆపరేషన్ ఇంతకంటే సులువు, కొద్దిసేపటికే ఇంటికి పోవచ్చు. అయినా దానికోసం మా దగ్గరకు వచ్చే మగవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఎందుకో వారే చెప్పాలి.

ఇప్పుడు చిన్నపాపను అంగన్‌వాడీలో దిగబెట్టేది తండ్రి. ఆటో ఎలాగూ ఆ దారినే పోతుంది, ఇన్నాళ్ళు ఎవరికీ తోచలేదు అంతే. పెద్దపాప అయిదవ తరగతికి వచ్చింది. పదేళ్ళు నిండాయి గనుక ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా టీడీ ఇంజక్షన్ వేశాము, పదహారేళ్ళకు మరొకటి వేయాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకా 9 నుండి 14 ఏళ్ళ మధ్య వేయిస్తే బాగా పనిచేస్తుంది. దాని గురించి కూడా తల్లితో మాట్లాడాము. బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర పదేళ్ళలోపు గులాబీ రంగు, పదేళ్ళు దాటితే నీలం రంగు, వారానికొకటి. "మాత్ర రంగు మారిందమ్మా" అని పిల్ల చెబితే, తన కూతురు పెద్దదవుతోందని ఆ తల్లికి అప్పుడు తోచిందట.

పెద్దమనిషి అయ్యే సంగతి బిడ్డకు ముందుగా చెప్పవలసినది తల్లే. పదేళ్ళు నిండగానే చెప్పండి. రక్తం చూసి తనకేదో రోగం వచ్చిందని ఏడ్చిన పిల్లలను మేము ఎందరినో ఓదార్చాము. ఆ సమయంలో మన పెద్దలు పెట్టే నువ్వుల చిమ్మిలి, మినప సున్నుండలు మంచి ఆహారం, తప్పకుండా పెట్టండి. మూల కూర్చోబెట్టి, వేరే కంచం పెట్టి, బడి మాన్పించడం మాత్రం వద్దు. ప్యాడ్ నాలుగు నుండి ఆరు గంటలకొకసారి మార్చాలి, గుడ్డ వాడితే సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయాలి. దండెం మీద చీర చాటున కాదు.

మరొకటి. ఒంట్లో ఏ భాగాన్ని ఎవరూ తాకకూడదో ఇద్దరికీ చెప్పమన్నాము. అయిదేళ్ళ పిల్లకు అర్థం కాదనుకోవద్దు. తాకినవారు మామయ్యైనా, తాతయ్యైనా, ఎవరికీ చెప్పవద్దన్నా, అమ్మకు చెప్పాలని నేర్పండి. చెబితే కొట్టకుండా వినండి. సహాయానికి 1098 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, పిలుపుకు డబ్బు పడదు.

పోయిన నెలలో ముగ్గురూ వచ్చారు, అత్తగారు నాలుగు. తల్లికి హిమోగ్లోబిన్ 11.8 ఉంది. 12 కాలేదు కాబట్టి మాత్రలు మానవద్దని, 12 దాటాక కూడా మూడు నెలలు వాడమని చెప్పాము. చిన్నపాపకు అయిదేళ్ళు నిండాయి, డీపీటీ బూస్టరు వేశాము. సూది చూసి ఏడుస్తుంటే అక్క చేయి పట్టుకుంది. వెళ్ళేటప్పుడు పెద్దావిడ మా దగ్గరకు వచ్చి, నడుస్తుంటే తనకూ ఆయాసం వస్తోందని, తనకు కూడా ఆ రక్తపరీక్ష చేస్తారా అని అడిగింది.