మూడు రూపాయల షేరు చవకేనా?

కొన్నేళ్ల క్రితం చీటీ డబ్బు చేతికొచ్చిన రోజున తెలిసినాయన ఒకాయన మా ఇంటికొచ్చాడు. "వదినగారూ, పెద్ద కంపెనీల షేర్లు వేలల్లో ఉన్నాయి, ఇది మూడు రూపాయలే! మూడు ఆరు కావడానికి ఎంతసేపు?" అన్నాడు. కూరగాయల బండి దగ్గర చవక ధర చూసి సంచీ నింపే బుద్ధి కదా మనది, ఇరవై వేలు పెట్టి కొనేశాను. ఏడాది తిరిగేసరికి అరవై పైసలయింది. అమ్ముదామంటే కొనే నాథుడు లేడు. అమ్మాయి కాలేజీ ఫీజుకు నా గాజులు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాతే షేర్ల పట్టిక చదవడం నేర్చుకున్నాను. నాలాగా మీరు మోసపోకూడదని ఈ నాలుగు మాటలు.

ముందు పేరు చూడండి. ప్రతి షేరుకూ ఒక పొట్టి గుర్తు ఉంటుంది. మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్‌నే తీసుకోండి. 1875 నాటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో దాని నంబరు 500124. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో గుర్తు 'డిఆర్‌రెడ్డి'. న్యూయార్క్‌లో 'ఆర్‌డివై'. ఒకేలా వినిపించే పేర్లు చాలా ఉంటాయి కాబట్టి, గుర్తు పక్కన కంపెనీ పూర్తి పేరు సరిచూసుకున్నాకే కొనాలి.

తర్వాత ముఖ విలువ. ఇది షేరు మీద రాసిన విలువ, మార్కెట్ ధర వేరు. డివిడెండు శాతం ముఖ విలువ మీదే లెక్క కడతారు. "200 శాతం డివిడెండు" అని చదివి మురిసిపోకండి. ముఖ విలువ రూపాయి అయితే చేతికొచ్చేది 2 రూపాయలే. ఆ షేరును 1000 రూపాయలకు కొని ఉంటే, వందకు 20 పైసలు వచ్చినట్టు!

ధర ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. 2024 అక్టోబరులో డాక్టర్ రెడ్డీస్ 5 రూపాయల షేరు ఒక్కోదాన్ని అయిదు 1 రూపాయి షేర్లుగా విడగొట్టింది. ధర దాదాపు అయిదో వంతుకు దిగింది. అంతమాత్రాన చవకైందా? మైసూర్‌పాక్‌ను చిన్న ముక్కలుగా కోస్తే పళ్లెంలో ఉన్నది పెరగదు, తరగదు కదా!

మరి చవకో ఖరీదో ఎలా తెలుస్తుంది? ఒక్కో షేరుకు కంపెనీ ఏడాదిలో ఎంత లాభం తెచ్చిందో చూడాలి. ధర 40, లాభం 2 అయితే మనం 20 రెట్లు ఇచ్చి కొంటున్నాం. పట్టికలో 'పి/ఇ' అంటే ఇదే. అదే రకం వ్యాపారం చేసే మిగతా కంపెనీలతో దీన్ని పోల్చుకోవాలి. నా మూడు రూపాయల కంపెనీకి వచ్చేది నష్టమే. అంటే నేను కొన్నది చవక సరుకు కాదు, పుచ్చు సరుకు.

ఆ రోజు ఎన్ని షేర్లు అమ్ముడయ్యాయో, 52 వారాల్లో హెచ్చు తగ్గు ధరలేమిటో కూడా పట్టికలో ఉంటాయి. అమ్మకాలు మరీ తక్కువగా ఉంటే రేపు మన దగ్గర కొనేవారు దొరకరు.

ఇన్ని చూసినా అంతా ఒకేచోట పెట్టకండి. లెక్కలే అబద్ధమని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ ఒప్పుకున్న 2009 జనవరి 7న, ముందురోజు 179 రూపాయలున్న షేరు సాయంత్రానికి దాదాపు 40కి పడిపోయింది. ఫీజుకో పెళ్లికో దాచిన డబ్బు అసలే తీయవద్దు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలు. షేరుకు మాత్రం ధర అనే ఒక్క మెతుకు చాలదమ్మా!