జేబులో ఉల్లిపాయ వడదెబ్బను ఆపదు

వేసవి వాతావరణ వార్తల్లో నందిగామ పేరు తరచూ వినిపిస్తుంది. కృష్ణా మెట్టలో మిరప, పత్తి చేలు. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఎండ ముదిరిందని ఇంట్లో కూర్చునే వీలు ఇక్కడ చాలామందికి లేదు. అందుకే వడదెబ్బకు ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక చిట్కా ఉంది. కొన్ని మేలు చేస్తాయి, కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి.

జేబులోనో కొంగులోనో ఉల్లిపాయ ఉంటే వడ తగలదంటారు. ఉల్లిపాయ ఒంటి వేడిని లాగదు. మజ్జిగన్నంలో నంజుకుంటే హాయే, కానీ అక్కడ పనిచేసేది మజ్జిగలోని నీళ్లూ ఉప్పూ. ఉల్లిపాయ ఉందిలే అన్న ధీమాతో మిట్టమధ్యాహ్నం దాకా చేలో వంగి ఉండటమే అసలు ముప్పు.

భయపడాల్సింది రోహిణి కార్తెకే అనుకోవడం మరో పొరపాటు. రోహిణి వచ్చేది మే చివర. మిరప కోతలు అంతకుముందే, ఎండలు అప్పుడప్పుడే ముదిరే రోజుల్లో సాగుతాయి. కొత్త వేడికి ఒళ్లు అలవాటుపడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఆ మొదటి రోజుల్లో పని గంటలు తగ్గించాలి, నీడలో విరామం ఇవ్వాలి. కూలీల ముఠాను పిలిచిన రైతు ఈ బాధ్యత తీసుకోవాలి.

ఇంట్లో ఉన్నవాళ్లకేం కాదన్న మాటా నిజం కాదు. 2003లో ఫ్రాన్సులో వడగాడ్పులకు దాదాపు 15 వేల మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది వృద్ధులు, ఎంతోమంది ఇళ్లలోనే పోయారు. రేకుల ఇంట్లో మంచాన ఉన్న ముసలమ్మకూ అదే ప్రమాదం. గాలి ఒంటికన్నా వేడిగా, పొడిగా ఉన్నప్పుడు ఫ్యాన్ ఒక్కటే చాలదు. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉండాలి.

చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనీ అంటారు. రెక్కల కష్టం చేసేవాళ్లకు చెమటలు కారుతుండగానే వడదెబ్బ తగలవచ్చు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, స్పృహ తప్పినా అనుమానించాల్సిందే. అప్పటికి ఒంట్లో వేడి సాధారణంగా 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది.

అప్పుడు చాలామంది పారాసిటమాల్ మింగిస్తారు. జ్వరంలో వేడిని పెంచేది మెదడే, మాత్ర దాన్ని తగ్గిస్తుంది. వడదెబ్బలో వేడి బయటికి పోలేక పేరుకుంటుంది, దానిమీద మాత్ర పనిచేయదు. వేడికి అప్పటికే దెబ్బతిన్న కాలేయానికి అదనపు భారం కూడా.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇంకొకటుంది: కాలే ఒంటిమీద చన్నీళ్లు పోస్తే ప్రాణం పోతుందని. నిజానికి ప్రాణం నిలిపేది ఆ నీళ్లే. కష్టం చేస్తూ వడదెబ్బకు కూలినవారిని మంచునీటి తొట్టిలో ముంచడం వైద్యులు ఒప్పుకున్న పద్ధతి. అరగంటలోపు వేడి దించగలిగితే బతికే అవకాశాలు బాగా పెరుగుతాయి. చేలో మంచు ఎక్కడ దొరుకుతుంది? బోరు నీళ్లు చాలు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసురుతూ ఉండాలి. ఐసు ఉంటే గుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జల్లో పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం చుక్క నీరు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు నీళ్లు పోస్తూనే ఉండండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి.