శంకు నత్త

సముద్రతీరానికి విహారయాత్రకు వెళ్ళినవారు గవ్వలు తెచ్చుకోవడం పరిపాటి. కడలికి ఎంతో దూరాన ఉన్న ఉప్పల్, నాచారం ఇళ్ళలో సైతం అద్దాల బీరువాలలో అవి కనిపిస్తాయి. వాటిలో ఒక కొస వెడల్పుగా, మరొక కొస సన్నగా ఉండి, చిత్రమైన గీతలతో మెరిసే గవ్వ ఒకటి. గణితంలో మనం చదివే శంకువును పోలిన ఆ గవ్వ శంకు నత్తది. శాస్త్రజ్ఞులు ఈ ప్రజాతిని 'కోనస్' అంటారు.

వెచ్చని సముద్రాలలో 900కు పైగా శంకు నత్త జాతులున్నాయి. మన బంగాళాఖాతం కూడా వాటికి నివాసమే. ఇవి సాధారణంగా పగలు ఇసుకలోనో, రాళ్ళ సందులలోనో దాగి, రాత్రివేళ వేటకు బయలుదేరుతాయి. కొన్ని జాతులు పురుగులను, కొన్ని తోటి నత్తలను, మరికొన్ని చేపలను తింటాయి.

నత్తనడక లోకవిదితం. అంత మెల్లగా కదిలే ప్రాణి చురుకైన చేపను ఎలా పట్టగలదు? దాని పన్ను బోలుగా, సూదిలా ఉంటుంది. నత్త తన తొండాన్ని చాచి, ఆ పంటిని చేపలో గుచ్చి విషాన్ని ఎక్కిస్తుంది. క్షణాలలో చేప నిశ్చేష్టమవుతుంది. 'కోనస్ జియోగ్రాఫస్' అనే జాతి విషం మనుషుల ప్రాణాలను కూడా బలిగొన్నది. దానికి విరుగుడు లేదు. కాబట్టి సజీవమైన శంకు నత్తను చేతితో తాకరాదు.

వత్సనాభి వంటి విషమూలికను శుద్ధిచేసి ఔషధంగా వాడడం ఆయుర్వేదం ఎరిగినదే. శంకు నత్త విషం కూడా అటువంటి మేలే చేసింది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఫిలిప్పీన్స్ దేశీయుడైన బాల్డొమెరో ఒలివెరా ఈ విషాన్ని పరిశోధించాడు. ఆయన ప్రయోగశాలలో 18 ఏళ్ళ వయసులో పని ప్రారంభించిన మైఖేల్ మెకింటోష్ అనే విద్యార్థి, 'కోనస్ మేగస్' విషంలో 25 అమైనో ఆమ్లాలు గల ఒక పెప్టైడును కనుగొన్నాడు. వెన్నుపాములో నొప్పి సంకేతాలు సాగిపోకుండా అది అడ్డుకుంటుంది. దానినే కృత్రిమంగా తయారుచేసి 'జికోనోటైడ్' అన్నారు. 2004 డిసెంబరులో అమెరికా ఈ మందును ఆమోదించింది. మార్ఫిన్ వలె ఇది వ్యసనంగా మారదు. అయితే మానసిక దుష్ఫలితాలు కలిగే అవకాశం ఉన్నందున, ఇతర చికిత్సలకు లొంగని తీవ్రమైన నొప్పికే దీనిని వాడతారు.

ఒక్కొక్క జాతి విషంలో వందకు పైగా పెప్టైడులుంటాయి. శాస్త్రజ్ఞులు క్షుణ్ణంగా పరిశీలించినవి వాటిలో కొద్ది మాత్రమే. మరోవైపు గవ్వల అందానికి మోజుపడి మనుషులు ఈ ప్రాణులను సేకరిస్తున్నారు. అరుదైన 'కోనస్ మిల్నె ఎడ్వర్డ్‌సి' జాతిని మన దేశం 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి తెచ్చింది. ఒక జాతి అంతరిస్తే, దాని విషంలో మనం ఇంకా గుర్తించని ఔషధాలు కూడా దానితోపాటే నశిస్తాయి. బీరువాకు అలంకారంగా గవ్వను కోరుకునేవారు ఈ సంగతిని ఒకసారి తలచుకోవాలి.