పెన్నేటికీ మంచుయుగానికీ ఏమి సంబంధం?

ఎండాకాలం మా నాయన పెన్నేట్లో చెలమ తవ్వి గొడ్లకు నీళ్ళు పెడతాడు. ఏటి నిండా ఇసుకే. భూగర్భశాస్త్రం పాఠాలు వినడం మొదలుపెట్టినాక నాకొక ప్రశ్న పుట్టింది: నీళ్ళు లేని ఏటికి ఇంత ఇసుక ఎక్కడిది?

జవాబుకు సుమారు 20,000 ఏండ్లు వెనక్కి పోవాలి. అది చివరి మంచుయుగం ముదిరిన కాలం. మంచు కప్పేసింది ఉత్తర అమెరికాను, ఉత్తర యూరప్‌ను; అనంతపురాన్ని కాదు. అయినా దెబ్బ మనకూ తగిలింది. నేలా సముద్రమూ చల్లబడి ఆవిరి తగ్గింది. నైరుతి ఋతుపవనం నీరసించింది.

ఏరు ఎద్దులబండి లాంటిది. నీరు ఎద్దు, ఇసుక మూటలు. మేత లేక ఎద్దు చిక్కితే మూటలు దారిలోనే దింపాలి గదా! వాన తగ్గితే ఏరూ అంతే, ఇసుక మేట వేస్తుంది. పైగా గడ్డీ చెట్టూ పలచబడిన కొండల మీద ఒక్క వాన పడినా మట్టి జారి మూటల బరువు పెరుగుతుంది. వానలు తిరిగి బలపడితే ఏరు ఆ మేటనే కోసుకుంటూ లోతుకు దిగుతుంది. పాత మట్టం ఒడ్డున మెట్టులా మిగులుతుంది.

ఆ కాలంలో సముద్రమట్టం కూడా సుమారు 120 మీటర్లు దిగిపోయింది. కాని ఆ ప్రభావం నెల్లూరు వైపు, ఏటి చివరి భాగానికే. నంది కొండల నుంచి మన జిల్లా దాకా పెన్నేరు వినేది వాన మాటే.

సుమారు 11,000 ఏండ్ల కిందట వానలు మళ్ళీ బలపడినాయి. తర్వాత మెల్లగా తగ్గినాయి. గోదావరి కలిసేచోట సముద్రపు అడుగు నుంచి తీసిన మట్టిలో పాత ఆకుల మైనం దొరికింది. సుమారు 4,000 ఏండ్ల నుంచి దక్కనులో కరువుకు తట్టుకొనే మొక్కలు పెరిగినాయని అది చెప్తోంది.

ఇప్పుడు భూమి వేడెక్కుతోంది. వేడి గాలి ఎక్కువ ఆవిరి మోస్తుంది. కురిస్తే ఒక్కపెట్టున కురుస్తుంది. 2021 నవంబరులో పెన్న ఉపనది చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్టనే తెంచుకుపోయింది. మామూలు ఏడాదుల్లోనో, మన జిల్లాలో కురిసే 550 మిల్లీమీటర్లలో నేల తాగగా ఏటికి మిగిలేది కొంచెమే.

కాబట్టి ఏట్లో ఇసుక పనికిరాని దిబ్బ కాదు. వేల ఏండ్లు కొండరాళ్ళు అరిగి చేరిన సొత్తు. వాన నీటిని ఎండకు దాచే గాదె. లారీల కొద్దీ ఎత్తేస్తే, చిక్కిన ఎద్దు మళ్ళీ ఎన్నాళ్ళకు మోసుకొస్తుంది? మా నాయన చెలమ ఏటేటా లోతవుతోంది.