‘ఆనంద్’ కడుపులోని విలన్ ఎవరు?

‘ఆనంద్’ చూశారా? 1971లో హృషీకేశ్ ముఖర్జీ తీసిన హిందీ చిత్రం. ఎర్రబడ్డ కళ్ళతో హాల్లోంచి బయటికొచ్చి, “అబ్బే, కంట్లో నలక పడింది” అని బుకాయించిన వీరులెందరో! అందులో రాజేష్ ఖన్నాకి వచ్చిన జబ్బు గుర్తుందా? లింఫోసార్కోమా ఆఫ్ ది ఇంటెస్టైన్. అంటే పేగులో పుట్టిన లింఫ్ కణాల క్యాన్సర్. ఆ పేరు మీద కూడా జోకేసి నవ్వించాడు ఆనంద్.

అతను తెరమీదికి వచ్చేసరికే జబ్బేమిటో డాక్టర్లకు తెలుసు. మరి దాన్ని కనిపెట్టేదెలా? ఆ కథ ఏ సస్పెన్సు చిత్రానికీ తీసిపోదు!

లింఫోసార్కోమా అన్నది పాతపేరు. ఇప్పుడు లింఫోమా అంటారు. అందులో రకాలు చాలా ఉన్నాయి. పేగులో వచ్చేవాటిలో మహా దూకుడైనది బర్కిట్ లింఫోమా. అరుదైనదే గాని, పిల్లల్నీ కుర్రకారునీ కూడా వదలదు. ఒకటి రెండు రోజుల్లోనే గడ్డ రెట్టింపు కాగలదు! ఉగాండాలో పనిచేసిన సర్జన్ డెనిస్ బర్కిట్ 1958లో దీన్ని గురించి రాశాడు. ఆయన చూసింది ముఖ్యంగా పిల్లల దవడల్లో. ఆఫ్రికా బయట మాత్రం ఎక్కువగా కడుపులోనే, చిన్నపేగు పెద్దపేగుతో కలిసేచోట మకాం వేస్తుంది.

మారువేషాల రాయుడు

కుడివైపు పొత్తికడుపులో నొప్పి వస్తే అపెండిసైటిస్ అనుకుంటారు. పేగులో పేగు దూరి అడ్డుపడితే, ఒక్కోసారి ఆపరేషన్ బల్ల మీద గాని గడ్డ బయటపడదు. జ్వరం వచ్చి, మనిషి చిక్కిపోతే మన దేశంలో అనుమానం పేగు టీబీ మీదికి పోతుంది. దానికీ ఆ చోటే ఇష్టం మరి! స్కాన్‌లో గడ్డ కనిపిస్తుంది. కాని అదెవరో స్కాన్ తేల్చి చెప్పలేదు.

పట్టించేది బయాప్సీ. కొలనోస్కోపీ గొట్టంతోనో, సూదితోనో, ఆపరేషన్‌లోనో చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెడతారు. నీలిరంగు కణాల మధ్య అక్కడక్కడా తెల్లటి చుక్కలు! డాక్టర్లు దీన్ని ‘చుక్కల ఆకాశం’ అనే అంటారు. చచ్చిన కణాలను మింగుతున్న కణాలే ఆ చుక్కలు. ఎంత అందం, ఎంత ఘోరం!

ఆపైన ఇద్దరు సాక్షులు. దాదాపు నూటికి నూరు కణాలూ విభజనలోనే ఉన్నాయని చెప్పేది కె.ఐ.-67 పరీక్ష. ‘మిక్’ అనే జన్యువు తన చోటు మారి రెచ్చిపోయిందని చెప్పేది జన్యు పరీక్ష. ఎంతవరకూ పాకిందో ఎముక మజ్జ, వెన్ను నీరు చెబుతాయి.

అన్నట్టు, ఒక హెచ్చరిక! ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు ముందే మింగితే గడ్డ కొన్నాళ్ళు కరిగి, బయాప్సీకి చిక్కకపోవచ్చు. విలన్ చచ్చినట్టు కాదు, దాక్కున్నట్టు!

క్లైమాక్సు మారింది

ఎంత వేగంగా పెరుగుతుందో, మందులకు అంత త్వరగా లొంగుతుంది. గట్టి కీమోథెరపీ వెంటనే, సక్రమంగా అందితే పిల్లల్లో నూటికి 80 మందికి పైగా నయమవుతోంది. పెద్దవాళ్ళూ చాలామంది బతికి బట్టకడుతున్నారు.

కడుపునొప్పులన్నీ క్యాన్సర్ కావు, కంగారొద్దు. కాని నొప్పి తగ్గక, బరువు తగ్గుతూ, కడుపులో గడ్డ చేతికి తగిలితే మాత్రం దాచకండి. ఆనంద్‌లా నవ్వండి, తప్పులేదు. ఆ నవ్వుతోనే డాక్టరు దగ్గరికి నడవండి!